జ్వరం వచ్చిన మూడో రోజే వైడాల్ టెస్ట్: కొనసాగించాలా, ఆపాలా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మా నాన్నకు అరవై నాలుగేళ్లు. పత్తికొండ దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. పోయిన కార్తీకంలో శెనక్కాయ పీకి వామి వేసిన వారానికి ఆయనకు జ్వరం పట్టుకుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, చలి. రెండు రోజులు మాత్రలతో గడిపాడు. మూడో రోజు దగ్గరి టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తం తీశారు, గంటలో రిపోర్టు చేతికిచ్చారు. టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ అనే రక్తపరీక్ష పాజిటివ్, ఓ 1:160, హెచ్ 1:160. "టైఫాయిడ్ అమ్మా, ఏడు రోజులు ఇంజెక్షన్లు పడాలి" అన్నారు. పూటకొక సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, పైన సెలైన్. ఐదు రోజులైనా జ్వరం 103 దగ్గరే ఉంది. అడిగితే టైఫాయిడ్ జ్వరం మెల్లగానే దిగుతుందన్నారు. ఆరో రోజు ఆయాసం మొదలైంది, కళ్లు పచ్చబడ్డాయి. ఇక ఆగలేక కర్నూలుకు తెచ్చేశాం.

ఇక్కడ డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్ అమ్మాయి రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి ముందు మనిషిని చూసింది. చొక్కా విప్పించింది, చంకలు చూసింది, పంచె సడలించి మొలతాడు కొంచెం పైకి జరిపి అక్కడ ఆగింది. మొలతాడు కింద కుడివైపున చిటికెనవేలి గోరంత నల్లటి పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి అంచు. బీడీతో కాల్చినట్టు ఉంది. నొప్పి లేదు, దురద లేదు. నాన్నకే తెలియదు అది అక్కడ ఉందని. ఆ అమ్మాయి వెంటనే సీనియర్‌ని పిలిచి "సార్, స్క్రబ్ టైఫస్" అంది. అప్పటికప్పుడు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. తర్వాత వచ్చిన ఐజీఎం ఎలైసా (స్క్రబ్‌కు చేసే రక్తపరీక్ష) రిపోర్టు కూడా అదే చెప్పింది.

స్క్రబ్ టైఫస్ పొలాల్లో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. కుట్టినచోట కట్టేదే ఆ నల్ల పెచ్చు. దాని మీద సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. అంటే ఆ పూటకొక ఇంజెక్షన్ మా నాన్న జబ్బుకు నీళ్లతో సమానం. ఒక చీటీ మీద ఉన్న 1:160 అనే అంకెను చూసి అన్ని రోజులూ ఇంకెవరూ ఆయన ఒళ్లు చూడలేదు.

నేను డాక్టర్ని కాను, టీచర్ని. కానీ ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నాను. మొదటి వారంలో ఒక్కసారి చేసే స్లైడ్ వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడం ఆపాలి. మన జిల్లాల్లో ఈ పరీక్ష చేసే మేలు కన్నా తప్పుదారి పట్టించడమే ఎక్కువగా కనిపిస్తోంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ఆదోని ల్యాబ్:

అక్కా, నాన్నగారు బాగయినందుకు సంతోషం. నేను ఆదోనిలో పద్దెనిమిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. వైడాల్ రోజూ నా చేతుల మీదుగానే పోతుంది కాబట్టి ఆ చీటీ మీద అంకె ఎలా పుడుతుందో చెప్తాను. చాలామందికి తెలియదు.

గాజు స్లైడ్ మీద గుండ్రాలు ఉంటాయి. ఒక్కో గుండ్రంలో పేషెంట్ సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం) తగ్గించుకుంటూ వేస్తాం. 20 మైక్రోలీటర్లు వేసి గడ్డలు కడితే 1:80 అని రాస్తాం, 10 వేసినా గడ్డలు కడితే 1:160, 5 వేసినా కడితే 1:320. దాని మీద ఒక చుక్క యాంటిజెన్, అంటే చంపిన టైఫాయిడ్ సూక్ష్మజీవులున్న ద్రవం. ఓ అంటే ఆ సూక్ష్మజీవి ఒంటి భాగం, హెచ్ అంటే దాని తోక. ఓ కి నీలం రంగుది, హెచ్ కి ఎరుపుది. పుల్లతో కలిపి స్లైడ్‌ను మెల్లగా తిప్పుతూ ఒక్క నిమిషం చూడాలి. సన్న రవ్వలా విడిపోతే పాజిటివ్, పాలలా ఉండిపోతే నెగెటివ్. ఆ నిమిషం దాటితే అంచులు ఆరడం మొదలై, లేని రవ్వ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. పక్కనే ఫోన్ మోగుతుంటుంది, ఇంకో పేషెంట్ సూది కోసం చెయ్యి చాపి కూర్చుని ఉంటాడు. సాయంత్రం ఇరవయ్యో స్లైడ్‌కి కళ్లు అలిసిపోయి ఉంటాయి. 1:80 కీ 1:160 కీ మధ్య ఉన్న తేడా ఈ చూపు మీదే ఆధారపడి ఉంది. మొదటిదాన్ని డాక్టర్ నెగెటివ్ అంటాడు, రెండోదానికి ఏడు రోజుల ఇంజెక్షన్లు రాస్తాడు.

యాంటిజెన్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు ఎన్ని ల్యాబుల్లో ఉంటున్నాయో మీరే ఊహించుకోండి. కిట్‌తో పాటు పాజిటివ్ కంట్రోల్, నెగెటివ్ కంట్రోల్ వస్తాయి, అవి రోజూ వేసి చూడాలి. వేసే చోట్లు ఉన్నాయి, వేయని చోట్లూ ఉన్నాయి. ట్యూబ్ పద్ధతి దీనికన్నా నమ్మకమైనది. కానీ రాత్రంతా ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. "రేపు రిపోర్టు" అంటే పేషెంట్ పక్క ల్యాబ్‌కి పోతాడు.

ఇంత చెప్పాక కూడా నేను ఆపేయాలనను. సరిగ్గా చేస్తే, సరైన రోజున చేస్తే అది ఇప్పటికీ పనికొచ్చే పరీక్షే. తప్పంతా పరీక్షను చేసే విధానంలో ఉంది.

పల్లె డాక్టర్ (ఆలూరు వైపు):

టీచర్ గారూ, మీ నాన్నగారి విషయంలో తప్పు జరిగింది. నల్ల పెచ్చు వెతకకపోవడం తప్పు, దాన్ని సమర్థించను. కానీ దాని మీద నిలబడి వైడాల్ ఆపేయమంటే ఒప్పుకోను. నేను ఎంబీబీఎస్ చేసి ఈ వైపు పన్నెండేళ్లుగా క్లినిక్ నడుపుతున్నాను. నా టేబుల్‌కి ఇవతలి నుంచి ఒకసారి చూడండి.

సాయంత్రం ఐదుకి ఒక కూలి మనిషి వస్తుంది. ఐదు రోజుల జ్వరం, నాలుక మీద తెల్లటి పూత, కడుపు నొప్పి. అప్పటికే ఊళ్లో ఎవరో రెండు రోజులు ఏవో యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చి ఉంటారు. వైడాల్ వద్దంటే మిగిలేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష. అది చేసే ల్యాబ్ కర్నూలులో ఉంది, బస్సులో మూడు గంటలు. రిపోర్టుకు కనీసం రెండు మూడు రోజులు. ఖర్చు వైడాల్‌కు నాలుగైదు రెట్లు. పైగా కల్చర్ నిజమైన టైఫాయిడ్‌ను కూడా వందకు అరవై మందిలోనే పట్టుకుంటుంది, ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే అంతకన్నా తక్కువ. అంటే కల్చర్ నెగెటివ్ వచ్చినా టైఫాయిడ్ కాదని నేను చెప్పలేను. మరి ఆ మనిషిని ఏం చేయాలి?

వలస పోయి గుంటూరులో మిరపకాయ కోతల నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఇద్దరికి పేగు చిల్లు పడటం నా కళ్లతో చూశాను. మూడో వారంలో, అప్పటిదాకా "మామూలు జ్వరంలే" అనుకుంటూ గడిపినవాళ్లు. ఒకతన్ని బతికించుకోలేకపోయాం. కాబట్టి గంటలో, తక్కువ ఖర్చుతో, నా పక్క వీధిలో దొరికే పరీక్ష ఏదైనా సరే నేను వదులుకోను. 1896లో ఫెర్నాండ్ వైడాల్ దీన్ని చెప్పినప్పటి నుంచి ఇన్నాళ్లు నిలిచిందంటే ఊరికే కాదు.

గుత్తి బస్సు:

డాక్టర్ గారు చెప్పింది నిజం. మా ఊళ్లో "టెస్టు లేదు, రెండు రోజులు చూద్దాం" అన్న డాక్టర్ దగ్గరికి ఎవరూ రెండోసారి పోరు.

మైక్రో పీజీ (కర్నూలు):

అందరికీ నమస్కారం. మైక్రోబయాలజీలో ఎండీ చేస్తున్నాను. పల్లె డాక్టర్ సార్ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఒక విషయంలో సార్‌తో గట్టిగా విభేదిస్తాను.

వైడాల్ చూసేది సూక్ష్మజీవిని కాదు, దానికి వ్యతిరేకంగా మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీని. అది రక్తంలో కనబడేంతగా పెరగడానికి దాదాపు వారం పడుతుంది. కాబట్టి మూడో రోజు నిజమైన టైఫాయిడ్‌లో కూడా వైడాల్ నెగెటివ్ రావచ్చు. మరి మూడో రోజే పాజిటివ్ వస్తే? చాలావరకు అది పాత యాంటీబాడీ. ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిపోయిన టైఫాయిడ్‌దో, టైఫాయిడ్ సూక్ష్మజీవి కుటుంబానికే (సాల్మొనెల్లా) చెందిన ఇంకోదానిదో అయి ఉంటుంది. హెచ్ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరం వచ్చినప్పుడు పాత యాంటీబాడీ కొంత మళ్లీ పైకి లేస్తుంది కూడా. పుస్తకం చెప్పే సరైన పద్ధతి ఏమిటంటే మొదటి వారంలో ఒక శాంపిల్, వారం పది రోజుల తర్వాత రెండోది తీసి నాలుగు రెట్లు పెరిగిందా అని చూడటం. మన జిల్లాల్లో రెండో శాంపిల్ ఇచ్చే పేషెంట్‌ను నేను ఇంతవరకు చూడలేదు. ఒక్క శాంపిల్‌తోనే కథ ముగుస్తుంది.

ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణకే. వంద మంది జ్వరంతో వచ్చారనుకోండి, వాళ్లలో నిజమైన టైఫాయిడ్ ఐదుగురికే ఉందనుకోండి. పరీక్ష ఐదుగురిలో నలుగురిని పట్టుకుంటుంది. మిగతా తొంభై ఐదు మందిలో ఐదో వంతుకు తప్పుగా పాజిటివ్ ఇస్తుందనుకుంటే, అది పందొమ్మిది మంది. చీటీ మీద పాజిటివ్ ఉన్నవాళ్లు ఇరవై ముగ్గురు, అందులో టైఫాయిడ్ ఉన్నది నలుగురికి. మిగతా పందొమ్మిది మందిలో స్క్రబ్ ఉన్నవాళ్లు, డెంగీ ఉన్నవాళ్లు, ఉత్త వైరల్ జ్వరం ఉన్నవాళ్లు అందరూ ఒకే ఇంజెక్షన్ వేయించుకుంటారు. టైఫాయిడ్ ఎక్కువగా ఉన్నచోట ఇదే పరీక్ష ఇంతకన్నా మెరుగ్గా పనిచేస్తుంది, తక్కువగా ఉన్నచోట ఇంకా ఘోరంగా తప్పుతుంది.

అందుకే మన దగ్గర టైఫాయిడ్ ఎంత ఉందన్నది ముఖ్యం. 2017 నుంచి 2020 వరకు మన దేశంలో టైఫాయిడ్ మీద సెఫీ అనే పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2023లో వచ్చాయి. వేలూరు, ఢిల్లీ, కోల్‌కతాల్లోని బస్తీల్లోనూ, పుణె దగ్గర పల్లెల్లోనూ పిల్లలను వారం వారం పలకరిస్తూ, జ్వరం వస్తే కల్చర్ చేశారు. నగరాల్లో ఏడాదికి లక్ష మంది పిల్లలకు 576 నుంచి 1173 కేసులు. పుణె పల్లెల్లో 35. అదే అధ్యయనంలో ఆసుపత్రుల్లో చేరే రోగుల మీద నిఘా పెట్టిన చోట్లలో మన అనంతపురం జిల్లా కూడా ఉంది. పల్లెకూ నగరానికీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, ఆలూరు పొలంలో పనిచేసే మనిషికీ, ఢిల్లీ బస్తీ పిల్లాడికీ ఒకే 1:160 ఒకే అర్థం ఇవ్వదు.

పల్లె డాక్టర్ (ఆలూరు వైపు):

పుణె పల్లెను తెచ్చి నా పల్లెతో పోల్చకమ్మా. అక్కడి నీళ్లు ఎలాంటివో, ఇక్కడి నీళ్లు ఎలాంటివో. నా దగ్గర ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు, వానాకాలం పైపు లీకైన చోట మురుగు కలిసిన నీళ్లు. నీ లెక్కలో ఐదు అన్నావు, నేను ఇరవై ఐదు అంటాను. అప్పుడు పాజిటివ్ వచ్చినవాళ్లలో సగానికి పైగా నిజమైన టైఫాయిడే అవుతుంది కదా?

మైక్రో పీజీ (కర్నూలు):

అవుతుంది సార్. మీ లెక్క సరిగ్గానే ఉంది. మీ ఇరవై ఐదు, నా ఐదు, రెండూ అంచనాలే అన్నది కూడా అంతే నిజం.

అనంత అమ్మ (అనంతపురం):

నాది రెండో వైపు కథ. మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన ఆషాఢంలో నాలుగు రోజుల జ్వరం, రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరుగుతూ పోయింది. వైడాల్ చేస్తే నెగెటివ్. నేను హమ్మయ్య అనుకున్నాను. పిల్లల డాక్టర్ గారు మాత్రం బ్లడ్ పిక్చర్ చేతిలో పట్టుకుని "ఇయోసినోఫిల్స్ అనే రకం కణాలు సున్నా ఉన్నాయి, మొత్తం తెల్లకణాలు తక్కువున్నాయి. నాకు అనుమానంగా ఉంది. మందు మొదలుపెట్టే ముందే కల్చర్‌కి రక్తం తీద్దాం" అన్నారు. చిన్న సీసాలో అడుగున ద్రవం ఉంటుంది, దాంట్లోకి రక్తం వదిలారు. మూడో రోజు ఫోన్ వచ్చింది, సాల్మొనెల్లా టైఫీ, అంటే టైఫాయిడ్ సూక్ష్మజీవి పెరిగిందని. రిపోర్టులో మందుల పేర్లు వరుసగా ఉన్నాయి. సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదు, సెఫ్ట్రియాక్సోన్ పనిచేస్తుంది, అజిత్రోమైసిన్ పనిచేస్తుంది అని.

అంతకు ముందు రోజే మా ఆడపడుచు వాళ్ల ఊళ్లో చెప్పారని సిప్రో సిరప్ తెచ్చి ఇంట్లో పెట్టింది. అది పట్టించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. ఏ మందు పనిచేస్తుందో వైడాల్ ఎప్పటికీ చెప్పలేదు. ఆ ఒక్క కారణం చాలదా?

మైక్రో పీజీ (కర్నూలు):

చాలా ముఖ్యమైన మాట చెప్పారు మేడమ్. మన దేశంలో టైఫాయిడ్ సూక్ష్మజీవి చాలావరకు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం మానేసింది. పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో 2016లో మొదలైన టైఫాయిడ్ సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. నోటితో వేసుకునే వాటిలో అజిత్రోమైసిన్, ఇంజెక్షన్లలో మెరోపెనెమ్ లాంటివే మిగిలాయి. టైఫాయిడ్ లేనివాళ్లకు సెఫ్ట్రియాక్సోన్ పొడుస్తూ పోతే మనమూ ఆ దారిలోనే నడుస్తాం. అది వచ్చిందని తెలియాలన్నా కల్చర్ చేస్తేనే తెలుస్తుంది.

కడప మందుల షాపు:

ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నాను. డాక్టర్లు, ల్యాబులు మాట్లాడారు కాబట్టి కౌంటర్ దగ్గర కనిపించేది నేను చెప్తా.

జ్వరం తగ్గిన పదిహేను రోజులకు మనిషి మళ్లీ వైడాల్ చీటీ పట్టుకుని వస్తాడు. "టైఫాయిడ్ ఇంకా ఒంట్లోనే ఉందన్నా, 1:160 తగ్గలేదు, ఇంకో కోర్సు ఇవ్వు" అంటాడు. జ్వరం లేదు, ఆకలి బాగుంది, పనికి పోతున్నాడు. కానీ చీటీలో ఉంది కాబట్టి ఒంట్లో ఉందని నమ్మకం. కొందరు మూడు నెలలు ఇట్లా తిరగడం చూశాను. ఒకామె బ్రెడ్డు, పాలు తప్ప ఏమీ ముట్టకుండా చిక్కి సగమైంది. సంగటి తింటే టైఫాయిడ్ తిరగబెడుతుందని ఎవరో చెప్పారంట. నేను డాక్టర్ చీటీ లేకుండా మందు ఇవ్వను అంటే పక్క షాపులో కొంటుంది. యాంటీబాడీ నెలల తరబడి ఉంటుందని, అది జబ్బు ఉన్నట్టు కాదని ఇక్కడ పీజీ మేడమ్ చెప్పింది చదివాక ఆమే గుర్తొచ్చింది. ఈ ముక్క ల్యాబ్ రిపోర్టు కింద అచ్చు వేయిస్తే ఎంత బాగుంటుంది!

ఆదోని ల్యాబ్:

అన్నా, మీ మాట నాకు గట్టిగా తగిలింది. "తగ్గిందో లేదో చూడండి" అని వైడాల్ రిపీట్ చేయించుకునేవాళ్లు నా దగ్గరికీ వారానికి నలుగురైదుగురు వస్తారు. డబ్బు తీసుకుని చేసి పంపుతున్నాను. ఇది ఒప్పుకోవాల్సిన తప్పే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

పల్లె డాక్టర్ గారూ, పేగు చిల్లు పడిన మనిషి గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ భయం మీకు ఎందుకుందో తెలిసింది. అయినా ఒక్కటి అడుగుతాను. ఆ ఇద్దరికీ వైడాల్ చేయకపోవడం వల్ల అలా జరిగిందా, డాక్టర్ దగ్గరికి రావడమే ఆలస్యమైందా? మీరు రాసిన దాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. ఐదు రోజుల జ్వరం, తెల్లటి నాలుక, కడుపు నొప్పి చూసి టైఫాయిడ్ మందు మొదలుపెట్టాలనే నిర్ణయం మీ కళ్లు, మీ చేతులు తీసుకున్నాయి. ఆ నిర్ణయానికి చీటీ అవసరమా? చీటీ నెగెటివ్ వస్తే మీరు మందు ఆపేవారా?

పల్లె డాక్టర్ (ఆలూరు వైపు):

రాత్రి దీని గురించే ఆలోచించాను. నిజాయితీగా చెప్తున్నాను, ఆపేవాణ్ని కాదు. నెగెటివ్ వచ్చినా ఆ మనిషికి ఇంజెక్షన్ ఇచ్చేవాణ్ని.

అంటే ఆ చీటీ నా కోసం రాయించట్లేదు, పేషెంట్ నమ్మకం కోసం రాయిస్తున్నానేమో. "టెస్టులో తేలింది" అంటేనే ఏడు రోజులు వచ్చి ఇంజెక్షన్ వేయించుకుంటారు. లేకుంటే రెండో రోజుకే జ్వరం కాస్త తగ్గగానే పనికి పోతారు, మూడో వారంలో ఆయాసపడుతూ తిరిగొస్తారు. ఈ పక్క కూడా ఉంది, మీరు తేలిగ్గా తీసేయకండి.

ఒక మెట్టు దిగి చెప్తాను. మొదటి వారంలో వైడాల్ రాయడం నేను ఆపగలను. రెండో వారంలోకి వచ్చినవాళ్లకు, లక్షణాలు కూడా సరిపోతేనే రాస్తాను. మొత్తానికే నిషేధించమంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఇక పొలం పని చేసే ప్రతి మనిషికీ చంకలు, గజ్జలు, మొలతాడు కింద చూడటం, ఇది నేను చేస్తున్నాననే అనుకునేవాణ్ని. నిన్న లెక్కపెట్టుకుంటే జ్వరంతో వచ్చిన పదకొండు మందిలో ముగ్గురికే పూర్తిగా చూశాను. ఆడవాళ్లకు చూడటానికి పక్కన నర్సు కూడా ఉండాలి, అది నా క్లినిక్‌లో లేదు. దీనికి ఏదో ఏర్పాటు చేసుకోవాలి.

మైక్రో పీజీ, నాకో సందేహం. టైఫాయిడా, స్క్రబ్బా తేలనప్పుడు, కల్చర్ దారి లేనప్పుడు మీ సీనియర్లు ఏం చేస్తున్నారు?

మైక్రో పీజీ (కర్నూలు):

నేను ల్యాబ్ వైపు మనిషిని సార్, మెడిసిన్ వాళ్లను అడిగి చెప్తున్నాను. తీవ్రంగా లేని కేసులో అజిత్రోమైసిన్ రెండింటి మీదా పనిచేస్తుంది కాబట్టి దాని వైపు మొగ్గుతున్నారు. స్క్రబ్ అనే అనుమానం బలంగా ఉంటే ఎలైసా కోసం ఆగకుండా డాక్సీ మొదలుపెడుతున్నారు, 48 గంటల్లో జ్వరం దిగితే అదే ఒక రుజువు. ఆయాసం, కామెర్లు ఉన్న తీవ్రమైన స్క్రబ్‌లో డాక్సీ, అజిత్రో రెండూ కలిపి నరానికి ఇస్తే ఒక్కో మందు విడిగా ఇచ్చినదానికన్నా మేలని 2023లో తేలింది. వేలూరు సీఎంసీ డాక్టర్లు ముందుండి మన దేశంలోనే, దాదాపు 800 మంది రోగులతో చేసిన ట్రయల్ అది. మన రోగుల మీద మనవాళ్లు చేసిన పరిశోధన చికిత్సను ఎలా మార్చగలదో దానిలో కనిపించింది.

ఇంకో మాట మనసులో ఉంది, చెప్పేస్తాను. రెండో ఏడాది ఎంబీబీఎస్ ప్రాక్టికల్స్‌లో వైడాల్ తప్పకుండా ఉంటుంది. స్పాటర్‌గా, అంటే చూసి గుర్తుపట్టడానికి, వైడాల్‌కు వాడే గుండ్రటి అడుగున్న ట్యూబు, కోసుగా ఉన్న ట్యూబు పెట్టి ఇది ఫెలిక్స్ ట్యూబా, డ్రేయర్ ట్యూబా అని అడుగుతారు. అందరం కంఠస్థం చేశాం. పాజిటివ్ అంటే ఏమిటని అడిగితే ఓ 100, హెచ్ 200 అని టకటకా చెప్తాం. "ఏ ఊళ్లో?" అని ఎవరూ అడగలేదు. ఆ హద్దు ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఆ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో మామూలుగా ఎంత ఉంటుందో ముందు చూసుకోవాలని అదే పుస్తకంలో కింద ఒక వాక్యం ఉంటుంది. పరీక్షలో అది రాదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. డాక్టర్ చేతిలో చీటీ తప్పుదారి పట్టడం అక్కడే మొదలవుతోందని నాకనిపిస్తుంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మరి మన ప్రాంతానికి ఆ హద్దు తేల్చే పని ఎవరు చేయాలి? మన కర్నూలు మెడికల్ కాలేజీ దశాబ్దాలుగా ఉంది. అనంతపురంలో, కడపలో ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి. ప్రతి పీజీ థీసిస్ రాయాల్సిందే కదా.

మైక్రో పీజీ (కర్నూలు):

రాయాల్సిందే. మా డిపార్ట్‌మెంట్ అల్మరాలో రెగ్జిన్ అట్టల థీసిస్‌లు వరుసగా ఉంటాయి. బైండింగ్ అయ్యాక వాటిని తెరిచేది తర్వాతి బ్యాచ్ పీజీ ఒక్కడే, ఫార్మాట్ చూసుకోవడానికి. చాలావాటిలో మంచి పని ఉంది. అది ఆలూరు క్లినిక్ దాకా, ఆదోని ల్యాబ్ దాకా రాదు.

బేస్‌లైన్, అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలుగా ఎంత ఉంటుందో చూడటం పెద్ద ఖర్చు పని కాదు. బ్లడ్ బ్యాంకుకు వచ్చే దాతలు ఆరోగ్యవంతులు, వాళ్ల రక్తం ఎలాగూ పరీక్షలకు తీస్తారు. ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత ఒప్పుకోలు తీసుకుని, మిగిలిన సీరంతో ట్యూబ్ వైడాల్ చేయాలి. ఏడాదిలో కొన్ని వందల శాంపిళ్లు దొరుకుతాయి. ఏ ఊరు, ఏ వయసు, ఏ నీళ్లు తాగుతారు, టైఫాయిడ్ టీకా వేయించుకున్నారా అన్నవి నాలుగు ప్రశ్నలు. కర్నూలు పెద్దాసుపత్రికి గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా మనుషులు వస్తారు కాబట్టి ఊరు విడిగా రాసుకోవడం తప్పనిసరి. నా టాపిక్ ఇంకా ఖరారు కాలేదు. సోమవారం మా గైడ్ మేడమ్‌ను ఇదే అడగబోతున్నాను.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. బేస్‌లైన్ తెలిసినంత మాత్రాన ఒక్క శాంపిల్ వైడాల్ మంచి పరీక్ష అయిపోదు. హద్దు పైకి జరిపితే తప్పు పాజిటివ్‌లు తగ్గుతాయి, కానీ నిజమైన కేసులు కొన్ని జారిపోతాయి. కల్చర్‌కు బదులుగా దీన్ని నిలబెట్టకూడదు.

ఆదోని ల్యాబ్:

స్లైడ్ ఫలితం, ట్యూబ్ ఫలితం పక్కపక్కన పెట్టి చూస్తారా మేడమ్? అదే శాంపిల్ నేను ఇక్కడ స్లైడ్ మీద చేస్తాను, మీరు అక్కడ ట్యూబ్‌లో చేయండి. నా చూపు ఎంత తప్పుతోందో నాకూ తెలియాలి. పేరు లేకుండా నంబరు వేసి పంపండి, ముందే ఫలితం చెప్పకండి.

నా వైపు నుంచి రెండు పనులు ఈ వారమే మొదలుపెడుతున్నాను. రిపోర్టు మీద "జ్వరం ఎన్నో రోజు" అనే గడి పెడుతున్నాను, మనిషిని అడిగి నేనే నింపుతాను. కడప అన్న చెప్పిన వాక్యం కింద అచ్చు వేయిస్తున్నాను: "ఈ పరీక్ష జబ్బు నయమైందో లేదో తెలుసుకోవడానికి పనికిరాదు." మా ల్యాబ్ ఓనర్ ఇంకా ఒప్పుకోలేదు, మాట్లాడుతున్నాను.

అనంత అమ్మ (అనంతపురం):

తమ్ముడూ, ఆ వాక్యం తెలుగులోనే వేయించు. ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో వేస్తే మాలాంటివాళ్లు చదవరు.

పల్లె డాక్టర్ (ఆలూరు వైపు):

సరే. నేను నెలకు నాలుగైదు కల్చర్ బాటిళ్లు దగ్గర పెట్టుకుంటాను. యాంటీబయాటిక్ పడని, టైఫాయిడ్ అనుమానం గట్టిగా ఉన్నవాళ్లకు మందు మొదలుపెట్టే ముందే తీస్తాను. మందు ఆపి కూర్చోను, రక్తం తీసిన వెంటనే మొదలుపెడతాను. రిపోర్టు వచ్చాక మార్చాల్సి ఉంటే మారుస్తాను. ఉదయం ఆరున్నర బస్సుకు కండక్టర్ చేతికిస్తే పది లోపల కర్నూలు చేరుతుంది. రాత్రి తీసినవి పొద్దున దాకా ఫ్రిజ్‌లో పెట్టనా?

మైక్రో పీజీ (కర్నూలు):

వద్దు సార్, ఫ్రిజ్‌లో అస్సలు పెట్టకండి. చల్లదనానికి ఉన్న కాసిన్ని సూక్ష్మజీవులూ పెరగకుండా పోతాయి. గదిలోనే, ఎండ తగలని చోట నిలబెట్టండి. పెద్దవాళ్లకు 8 నుంచి 10 ఎంఎల్ రక్తం తప్పకుండా తీయండి, టైఫాయిడ్‌లో రక్తంలో సూక్ష్మజీవులు చాలా తక్కువ ఉంటాయి, రెండు ఎంఎల్‌తో దొరకవు. పిల్లలకు వేరే చిన్న బాటిల్ ఉంది, దాని మీద రాసినంతే తీయండి. సూది పెట్టే ముందు చర్మం స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, బాటిల్ మూత మీది రబ్బరు కూడా తుడవండి. లేబుల్ మీద జ్వరం ఎన్నో రోజో, ముందు ఏ మందు వాడారో రాయండి. మొదటి బాటిల్ ఏ రోజు పంపుతారో ఇక్కడ చెప్తే బస్టాండ్ దగ్గర నేనే తీసుకుంటాను.